పగడాల తొట్టెలో ఫాస్ఫేటు ‘సున్నా’గా ఉండాలన్న సలహా గురించి

సంపాదక మహాశయులకు,

నమస్కారం. ఇంట్లో ఉప్పునీటి పగడాల తొట్టెను పెంచుకొనే విధానంపై మీ పత్రిక ఆదివారం పుటల్లో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఉప్పు సాంద్రత, ఉష్ణోగ్రత, దీపాల గురించి అందులో చెప్పిన విషయాలతో నాకు పేచీ లేదు. అయితే వ్యాసం పక్కన ఇచ్చిన పట్టికలో, మేతతో పాటు నీటిలోకి చేరే ఫాస్ఫరస్ పోషకమైన ఫాస్ఫేటుకు ఎదురుగా ‘సున్నా’ అని, దాని కిందనే ‘నాచు కనిపిస్తే ఫాస్ఫేటును పూర్తిగా తొలగించాలి’ అని ముద్రించారు. సరిగ్గా ఇవే మాటలను మరోచోట విని, నమ్మి, ఏళ్ల తరబడి పెంచుకున్న పగడాలను పోగొట్టుకున్నవాణ్ని కనుక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ పట్టికను కత్తిరించి తొట్టె పక్కన అంటించుకొనే పాఠకులు ఉంటారు. వారికి ఈ సవరణ కూడా చేరాలని నా కోరిక.

మా తొట్టెలో సుమారు 300 లీటర్ల నీరు పడుతుంది. మూడో ఏట దాని రాళ్ల మీద వెంట్రుకల్లాంటి పచ్చటి నాచు అల్లుకోవడం మొదలైంది. రంగుల పట్టీతో పోల్చి చూసే కిట్‌తో పరీక్షిస్తే నీటికి ఏ రంగూ రాలేదు; పట్టీ ప్రకారం అది సున్నా. నాచు ఉన్నది కనుక ఫాస్ఫేటు ఉండి తీరాలని, కిట్ పాడైపోయి ఉంటుందని తేల్చుకొని, ఫాస్ఫేటును పట్టి ఉంచే ఇనుప ఆక్సైడు గుళికలను, అంటే తొట్టెలు పెంచేవాళ్లు జీఎఫ్ఓ అని పిలిచే వాటిని, ఫిల్టరులో నిండుగా పోశాను. రెండు వారాలు గడిచేసరికి నాచు పెద్దగా తగ్గలేదు గానీ అక్రోపోరా అనే రాతి పగడం కొమ్మల రంగు వెలిసిపోయింది. పక్షిగూడు పగడానికి మొదలు నుంచి పైకి కండ ఊడిపోతూ వచ్చి, చివరికి తెల్లటి అస్థిపంజరం ఒక్కటే మిగిలింది. రాళ్ల మీదా ఇసుక మీదా గోధుమరంగు జిగురు తీగలుతీగలుగా పరుచుకొని, వాటి నడుమ గాలి బుడగలు వేలాడసాగాయి. అవి డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ సూక్ష్మజీవులని తరువాత తెలిసింది. అప్పుడుగానీ మరింత సూక్ష్మంగా కొలిచే మీటరుతో చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. వరుసగా నాలుగు రోజులు చూస్తే నాలుగు రోజులూ సున్నాయే, లేదా దానికి అంగుళం దూరంలోనే ఉంది. కిట్ అబద్ధం చెప్పలేదు. ఆ సున్నాకు అర్థం ఏమిటో నాకు తెలియలేదు.

ఈ పరీక్ష అసలు దేన్ని కొలుస్తుందో చెబితే తప్ప మిగిలిన మాటలు బోధపడవు. నీటి నమూనాలో ఆమ్లంతో పాటు మాలిబ్డేటు అనే రసాయనాన్ని కలిపితే అది ఫాస్ఫేటుతో చేరి ఒక సంకీర్ణ పదార్థంగా మారుతుంది. దానికి ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే మనందరికీ సి విటమిన్‌గా తెలిసిన పదార్థమే, తోడైతే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంతగా చిక్కబడుతుంది. మర్ఫీ, రైలీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1962లో దీన్ని ఒకే మిశ్రమ ద్రావణంతో ముగిసే పద్ధతిగా తీర్చిదిద్దారు. సముద్ర జలాలను పరిశీలించే ప్రయోగశాలలు నేటికీ ఆ బాటలోనే నడుస్తున్నాయి, మన చేతికి వచ్చే కిట్లలో చాలావాటికి మూలం కూడా అదే. ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. నీలంగా మారేది ముఖ్యంగా నీటిలో విడిగా కరిగి ఉన్న ఆర్థోఫాస్ఫేటే. చేపలు వదిలేసిన మేత తునకల్లోనూ, బాక్టీరియా దేహాల్లోనూ, నాచు పోగుల్లోనూ, రాళ్ల పైపొరల్లోనూ దాగి ఉన్న ఫాస్ఫరస్‌లో చాలా భాగాన్ని ఈ పరీక్ష చూడజాలదు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసి చూపుతాను. ఎండు మేతలో బరువుకు ఒక శాతం ఫాస్ఫరస్ ఉందనుకుందాం. రోజుకు ఒక గ్రాము మేత వేస్తే 10 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తొట్టెలోకి వచ్చినట్టు. దాన్ని ఫాస్ఫేటుగా లెక్కకడితే సుమారు 30 మిల్లీగ్రాములు. 300 లీటర్ల నీటిలో అదంతా కరిగి నిలిచిపోతే లీటరుకు 0.1 మిల్లీగ్రాము, అంటే మన భాషలో 0.1 పీపీఎం, ఒక్క రోజులోనే పెరగాలి. పది రోజులకు 1 పీపీఎం కావాలి. అలా జరగడం లేదంటే చేపల కండలోకి, పగడాల్లోకి, నాచులోకి, బాక్టీరియాలోకి, రాళ్లలోకి, నురుగును తీసిపారేసే స్కిమ్మరు గిన్నెలోకి అది ఎప్పటికప్పుడు వెళ్లిపోతూనే ఉందని అర్థం. మీటరు చూపే అంకె ఈ రాకపోకల నడుమ నీటిలో మిగిలినది మాత్రమే. చెరువులోకి ఎంత నీరు వస్తోందో, తూము గుండా ఎంత పోతోందో తెలియకుండా గట్టు మీది కొలకర్రను చూసి ఎంత చెప్పగలమో, ఈ అంకెను చూసీ అంతే చెప్పగలం. నా తొట్టెలో నాచు దట్టంగా పెరుగుతూ, వచ్చిన ఫాస్ఫేటును వచ్చినట్టే తాగేసింది. అందుకే నీటిలో సున్నా కనిపించింది. నాచు ఉండడమూ సున్నా రావడమూ ఒకదానికొకటి విరుద్ధమని నేను అనుకోవడమే మొదటి పొరపాటు. అప్పుడు చేయవలసింది చేత్తో నాచును పీకి బయట పడేయడం, దాన్ని తినే నత్తలను పెంచడం. అలా చేసి ఉంటే ఫాస్ఫేటు నాచుతో పాటే తొట్టె దాటిపోయేది, పగడాలు ఆకలికి మాడకుండా ఉండేవి.

ఇక సున్నా అనే అంకె సంగతి. ఏ కొలత సాధనానికైనా కొంత అటూ ఇటూ ఉంటుంది. దాన్ని తయారీదారులే వాడుక పత్రంలో రాస్తారు గానీ, మనం ఆ గడిని చదవం. ఉదాహరణకు పగడాల పెంపకందార్లలో బాగా వాడుకలో ఉన్న, హానా అనే సంస్థ తయారుచేసే ‘చెకర్’ మీటర్లనే తీసుకుందాం. వాటిలో పాత తరహా తక్కువ శ్రేణి మీటరైన హెచ్ఐ 713కు, రీడింగులో 4 శాతంతో పాటు 0.04 పీపీఎం అటూ ఇటూ ఉండవచ్చని ఆ సంస్థే చెబుతుంది. అంటే అది 0.00 అని చూపినప్పుడు అసలు విలువ 0.04 కావచ్చు, 0.03 అని చూపినప్పుడు ఏమీ లేకపోవచ్చు, లేదా 0.07 ఉండవచ్చు. పగడాలు పెంచేవాళ్లలో ఎక్కువమంది 0.03 నుంచి 0.1 మధ్య ఉంచాలని ప్రయత్నిస్తారు. ఆ హద్దుల్లో కింది గీతను ఈ మీటరుతో గుర్తించడమే సాధ్యం కాదు. తరువాత వచ్చిన అతి తక్కువ శ్రేణి మీటర్లలో ఈ తేడా 0.02 పీపీఎంకు, అంతకన్నా కిందికి తగ్గింది; పగడాల తొట్టెకు అవే తగినవని నా అభిప్రాయం. ఇక రంగుల పట్టీ కిట్ల విషయానికి వస్తే, మంచినీటి చేపల కోసం తయారైన కొన్నింటిలో సున్నా తరువాతి మెట్టే 0.25. అటువంటి కిట్‌తో పగడాల తొట్టెను తూచడమంటే బియ్యం బస్తాలను తూచే కాటా మీద ముక్కుపుడకను పెట్టి చూడడమే.

కొలమానం పేరు గురించి కూడా మీ పట్టికలో ఒక ముక్క ఉండవలసింది. కొన్ని మీటర్లు ఫాస్ఫేటును పీపీఎంలో చూపుతాయి. హెచ్ఐ 736 వంటివి కేవలం ఫాస్ఫరస్ మూలకాన్ని పీపీబీలో, అంటే లీటరుకు మైక్రోగ్రాముల్లో చూపుతాయి. ఫాస్ఫేటులో ఫాస్ఫరస్‌తో పాటు నాలుగు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి, ఫాస్ఫరస్ అంకెను 3.066తో హెచ్చిస్తేగానీ ఫాస్ఫేటు అంకె రాదు. మీటరు మీద 30 అని కనబడితే అది 0.03 పీపీఎం ఫాస్ఫేటు అనుకొని తృప్తిపడేవాళ్లను నేను చూశాను. నిజానికి అది 92 పీపీబీ, అంటే 0.09 పీపీఎంకు పైమాటే. ఒకరు ఫాస్ఫరస్‌లోనూ మరొకరు ఫాస్ఫేటులోనూ మాట్లాడుకుంటూ ఒకరి తొట్టెకు ఒకరు సలహా ఇచ్చుకుంటే ఎంత నష్టం జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పరీక్ష చేసే తీరు గురించి కాస్త ఎక్కువగానే రాయదలచుకున్నాను, ఎందుకంటే నేను తరువాత గమనించిన తప్పుడు రీడింగుల్లో అత్యధికం మీటరువి కావు, చేతివి. రంగు చిక్కదనాన్ని కొలిచే ఈ మీటరు, అంటే కలరీమీటరు, పని సులభం: ముందు పరీక్ష పొడి కలపని నీటి గుండా ఎంత కాంతి వెళుతోందో చూసి దాన్ని సున్నాగా పెట్టుకుంటుంది, తరువాత పొడి కలిపిన నీటి గుండా ఎంత కాంతి తగ్గిందో చూసి ఆ తేడాను ఫాస్ఫేటుగా చెబుతుంది. కాంతిని అడ్డుకున్నది నీలిరంగా, వేలిముద్రా, గాలి బుడగా అన్నది దానికి తెలియదు. సున్నా పెట్టిన తరువాత సీసాను వేళ్లతో పట్టుకొని తుడవకుండా లోపల పెడితే, ఆ ముద్ర కూడా ఫాస్ఫేటుగానే లెక్కలోకి వస్తుంది. అదే ముద్ర మొదట ఉండి, మధ్యలో తుడిచేస్తే, ఉన్న ఫాస్ఫేటు కూడా తగ్గి కనిపిస్తుంది, ఒక్కోసారి సున్నాయే వస్తుంది. అందుకని రెండు కొలతలకూ ముందు మెత్తటి పోగులేని గుడ్డతో తుడవాలి, అదే సీసాను వాడాలి, దాని మీద ఉన్న గీత రెండుసార్లూ ఒకే వైపు ఉండేలా పెట్టాలి. గీతలు పడిన సీసాను దాచుకోవడం పొదుపు అనిపించవచ్చు గానీ, దాన్ని మార్చేయడమే మంచిది.

పొడి పొట్లం విషయంలో పొరపాటు మరింత సులువుగా జరుగుతుంది. సీసా మూతి సన్నగా ఉంటుంది, పొట్లం మూలల్లో పొడి ఇరుక్కుపోతుంది, అంచు మీద కొంత ఒలుకుతుంది; ఎంత తక్కువ పడితే రీడింగు అంత తక్కువగా రావచ్చు. పొట్లాన్ని విప్పకముందే కిందికి తట్టి, మూలను వాలుగా కత్తిరించి, చివర వేలితో కొట్టి ఖాళీ చేయాలి. కలిపేటప్పుడు గట్టిగా ఊపితే బుడగలు పుడతాయి, కొద్దిసేపే కలిపితే పొడి కరగదు. అందుచేత ముందు వాడుక పత్రం చెప్పినంతసేపు నెమ్మదిగా తలకిందులు చేస్తూ కలిపి, సీసాను మీటరులో పెట్టే ముందు గాజుకు అంటుకున్న బుడగలను పైకి తేలనివ్వాలి. ఆ తరువాత గడియారం. నీలిరంగు ఒక్కసారిగా రాదు, కాలం గడిచేకొద్దీ చిక్కబడుతుంది. సూచించిన నిమిషాల కంటే ముందే చూస్తే తక్కువ, మరచిపోయి ఆలస్యంగా చూస్తే ఎక్కువ వస్తుంది. మీటరులోనే ఉండే వెనక్కి లెక్కించే గడియారాన్ని వాడుకోవడం తప్ప మరో దారి లేదు. రంగుల పట్టీ కిట్ వాడేవారు పగటి వెలుతురులో, తెల్లటి కాగితం మీద పెట్టి చూడాలి. తొట్టె మీది నీలి దీపం కింద నీలాన్ని పోల్చడం వృథా ప్రయాస. వాడేసిన ద్రవంలో ఆమ్లం ఉంటుంది కనుక దాన్ని తొట్టెలోకి ఒంపకూడదు, పిల్లల చేతికి అందనివ్వకూడదు.

సీసాలను సబ్బుతో కడగవద్దని మాత్రం ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. కొన్ని సబ్బు పొడుల్లోనే ఫాస్ఫేటు ఉంటుంది. వందో వంతు పీపీఎంను వెతుకుతున్న చోట గాజుకు అంటిన ఆ జాడ చాలు, పరీక్ష మొత్తం చెడిపోవడానికి. ఆర్‌వో నీటితో నాలుగైదు సార్లు కడిగి, పరీక్షించబోయే తొట్టె నీటితో మరో రెండు సార్లు తొలిచి వాడాలి. నీటిలో ఇసుక రేణువులు, మేత తునకలు తేలుతూ ఉంటే ముందుగా వడకట్టాలి. ఎప్పుడైనా రీడింగు మీద అనుమానం వస్తే ఆర్‌వో నీటినే పొడి కలిపి పరీక్షించి చూడండి. అది కూడా ఏదో ఒక అంకె చూపితే తప్పు సీసాలోనో, పొడిలోనో, ఆర్‌వో యంత్రంలోనో ఉందని తేలుతుంది. కుళాయి నీటి గొట్టాలు తుప్పు పట్టకుండా కొన్ని నీటి సరఫరా సంస్థలు ఫాస్ఫేటు కలుపుతాయి కాబట్టి, ఆర్‌వో పొర పాతబడితే అది నేరుగా మన ఉప్పునీటిలోకి వచ్చి చేరుతుంది. తెలిసిన గాఢత గల ప్రామాణిక ద్రావణం ఒకటి దగ్గర ఉంచుకుంటే ఇంకా మేలు. 0.1 ఉన్న ద్రావణాన్ని మీటరు 0.1 దరిదాపుల్లో చూపితే దాని మాటను నమ్మవచ్చు, గడువు దాటిన పొడి ఏదో కూడా అప్పుడే బయటపడుతుంది.

రీడింగు శ్రేణిని దాటి మినుకుమినుకుమంటే భయపడి రసాయనం పోసేయకుండా, ఒక వంతు తొట్టె నీటికి మూడు వంతుల ఆర్‌వో నీరు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చిస్తే సరిపోతుంది. అయితే మీటరు తప్పు కూడా నాలుగింతలు అవుతుందని మరవరాదు.

ఇంత జాగ్రత్తగా చేసినా ఒక రోజు 0.05, మర్నాడు 0.08, ఆ తరువాత 0.06 వస్తాయి. 0.02 అటూ ఇటూ ఉన్న మీటరు దృష్టిలో ఈ మూడూ ఒకటే. రెండో రోజు చూసి ఫాస్ఫేటు పెరిగిందని గుళికలు వేయడం, మూడో రోజు చూసి అవి పనిచేశాయని సంతోషించడం రెండూ గాలిలో మేడలే. నేను ఇప్పుడు వారానికి రెండు సార్లు, ఉదయం మేత వేయకముందు, ఒకే వేళకు పరీక్షించి, ఆ అంకెతో పాటు పగడాల రంగును, నాచు స్థితిని, ఆ వారం వేసిన మేత మోతాదును ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. నాలుగైదు వరుస రీడింగులు ఒకే వైపు జరుగుతుంటేనే చెయ్యి కదుపుతాను. ఆ పుస్తకం లేకపోయి ఉంటే మిగిలిన పగడాలు కూడా దక్కేవి కావని నా గట్టి నమ్మకం.

మరి ఫాస్ఫేటు ఎక్కువైతే హాని లేదా అని పాఠకులు అడగవచ్చు. ఉంది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో వన్ ట్రీ ఐలాండ్ వద్ద ఒక చిన్న పగడపు దిబ్బకు నెలల తరబడి నైట్రోజన్, ఫాస్ఫరస్ పోషకాలను కలుపుతూ కిన్సీ, డేవీస్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగ ఫలితాలు 1979లో వెలువడ్డాయి. అక్కడ సున్నం పేరుకొనే వేగం సగానికి పైగా పడిపోయింది. ఫాస్ఫేటు సున్నపు స్ఫటికాల ఉపరితలాన్ని అంటిపెట్టుకొని అవి పెరగకుండా అడ్డుపడుతుంది. అందుకే రాతి పగడాలు పెంచేవాళ్లు దాన్ని తక్కువలో ఉంచాలనుకోవడంలో తప్పులేదు. కానీ తక్కువకూ లేకపోవడానికీ మధ్య ఉన్న తేడాయే పగడానికి ప్రాణం. దాని కండలో నివసిస్తూ వెలుతురు నుంచి ఆహారం తయారుచేసి పెట్టే సూక్ష్మ శైవలాలకు కణ పొరలు కట్టుకోవడానికీ, శక్తిని నిలవ చేసుకోవడానికీ ఫాస్ఫరస్ కావాలి. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన వీడెన్‌మాన్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో, నైట్రోజన్ పుష్కలంగా ఉండి ఫాస్ఫేటు కరువైనప్పుడు ఆ శైవలాల కణ పొరల్లోని కొవ్వుల స్వరూపమే మారిపోయి, వేడికీ వెలుతురుకూ తట్టుకోలేక పగడాలు తేలికగా తెల్లబారిపోతాయని తేలింది. నా తొట్టెలో అప్పుడు నైట్రోజన్‌ను అందించే నైట్రేటు 15 పీపీఎం ఉంది, ఫాస్ఫేటు లేదు, దీపాలు పూర్తి వెలుగులో ఉన్నాయి. ఆ పరిశోధన గురించి చదువుతున్నప్పుడు నా తొట్టె గురించే చదువుతున్నట్టు అనిపించి కాసేపు ముందుకు సాగలేకపోయాను.

ప్రకృతిలోని పగడపు దిబ్బల నీటిలో ఫాస్ఫేటు సాధారణంగా 0.02 పీపీఎంకు లోపే ఉంటుంది కదా, మనమూ అలాగే ఉంచితే తప్పేమిటని మీ వ్యాసకర్త అనవచ్చు. ఆ అంకె నిజమే. కానీ అక్కడ అలలు తెచ్చే ప్లవకాలను, అంటే నీటిలో తేలియాడే చిన్న జీవులను, గుంపులుగా తిరిగే చేపల విసర్జనను పగడం రాత్రింబవళ్లు అందుకుంటూనే ఉంటుంది. నీటిలో మిగిలేది తక్కువైనా దాని నోటికి అందేది తక్కువ కాదు. మన తొట్టెలో ఆ ప్రవాహం లేదు. అంకెను మాత్రం సముద్రం నుంచి తెచ్చి, మేతను తేలేకపోతే పగడానికి మిగిలేది పస్తులే. సముద్ర ప్లవకాల్లో నైట్రోజన్, ఫాస్ఫరస్ సుమారు 16:1 పాళ్లలో ఉంటాయని చెప్పే, సముద్ర శాస్త్రవేత్త రెడ్‌ఫీల్డ్ పేరు మీద ప్రసిద్ధమైన నిష్పత్తిని తొట్టెకు గురిగా పెట్టుకోవాలనే వాదన కూడా ఇటువంటిదే. అది ప్లవకాల దేహాలను చూసి చెప్పిన మాట, తొట్టె నీటికి రాసిన మందు చీటీ కాదు.

ఎక్కువైన ఫాస్ఫేటును తగ్గించవలసి వచ్చినా రాళ్లను మరచిపోకూడదు. ఏళ్ల తరబడి నీటిలోని ఫాస్ఫేటును సున్నపు రాళ్లు పీల్చుకొని ఉంటాయి. నీటిలో 0.3 ఉన్నదాన్ని ఇవాళ 0.1కి దించితే, రెండు రోజుల్లో రాళ్లు తమలోది వదిలి దాన్ని 0.2కి చేరుస్తాయి. అప్పుడు చాలామంది కిట్‌ను అనుమానించి మోతాదు రెట్టింపు చేస్తారు. నిజానికి కిట్ చెప్పింది సరైనదే, మరికొన్ని వారాలు ఓపిక పట్టవలసింది మనమే. గుళికలను చెప్పిన మోతాదులో నాలుగో వంతుతో మొదలుపెట్టి, ప్రతి రెండు రోజులకూ పరీక్షిస్తూ దించడం మేలు. లాంథనమ్ క్లోరైడు ద్రావణం ఇంకా వేగంగా పనిచేస్తుంది, అందుకే ఇంకా ప్రమాదకరం. దాని అవక్షేపాన్ని సన్నటి వడపోత గుండా పోనివ్వకపోతే చేపల మొప్పలకు హాని కలగవచ్చు. అనుభవం లేనివారు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

ప్రయోగశాలకు నీటిని పంపి చేయించే, నీటిలోని చాలా మూలకాలను ఒకేసారి కొలిచే ఐసీపీ పరీక్షను గురించి మీ వ్యాసం గొప్పగా చెప్పింది. అది మంచి పరీక్షే. కాకపోతే అది సేంద్రియ రూపంలో ఉన్నదాన్ని కూడా కలిపి మొత్తం ఫాస్ఫరస్‌ను కొలుస్తుంది కాబట్టి, ఇంటి మీటరు చెప్పిన దానికంటే ఎక్కువ చూపితే రెండింట్లో ఒకటి తప్పని అనుకోనక్కరలేదు. నమూనా దారిలో ఉన్న రోజుల్లో అందులోని బాక్టీరియా కూడా తన పని తాను చేసుకుపోతుంది. రోజువారీ నిర్ణయాలకు ఇంట్లో, తాజా నీటితో, ఒకే చేతితో చేసిన పరీక్షే ఆధారం కావాలి.

గుళికలు తీసేసి, దీపాల వెలుగును తగ్గించి, చేపలకు మేత పెంచిన తరువాత మా తొట్టెలో ఫాస్ఫేటు మొదటిసారి 0.04 దాటడానికి దాదాపు నెల పట్టింది. రెండు అక్రోపోరాలు బతికాయి. వాటిలో ఒకదాని కొమ్మల చివర్లలో ఊదారంగు మళ్లీ కనిపించిన ఉదయం నాకు ఇప్పటికీ గుర్తుంది. పక్షిగూడు పగడం తిరిగి రాలేదు.

కనుక సంపాదకులకు నా విన్నపం ఇది. ఆ పట్టికను తదుపరి ఆదివారం సవరించి, ‘సున్నా’ ఉన్న చోట 0.03 నుంచి 0.1 పీపీఎం వరకు అని, అది ఫాస్ఫరస్ కాదు ఫాస్ఫేటు అని స్పష్టంగా ముద్రించండి. కొలిచే సాధనానికి ఎంత అటూ ఇటూ ఉంటుందో వాడుక పత్రంలో చూసుకొమ్మని ఒక వాక్యం చేర్చండి. అన్నిటికంటే ముఖ్యంగా, ‘పూర్తిగా తొలగించాలి’ అన్న మాటను తీసివేసి, రీడింగు వరుసగా రెండు సార్లు సున్నా వస్తే తొలగించే పదార్థాన్ని ఆపివేసి మేత పెంచాలని రాయండి. స్థలం చాలకపోతే నా ఉత్తరంలో మిగిలినదంతా వదిలివేసి ఈ మూడు సవరణలను మాత్రమే ప్రచురించినా కృతజ్ఞుణ్ని.

భవదీయుడు,
మీ పత్రిక పాఠకుడొకరు